క్లమీడియా వ్యాధులు: నిర్ధారణ, చికిత్స

క్లమీడియా అనే బాక్టీరియా మనుషులకు తెచ్చిపెట్టే జబ్బులు ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి. కంటిరెప్పల లోపలి పొరను ఏళ్ల తరబడి దెబ్బతీసి చూపు పోగొట్టే ట్రకోమా, లైంగిక సంపర్కంతో సోకే జననాంగ వ్యాధి, గజ్జల్లో బిళ్ళలు కట్టే లింఫోగ్రాన్యులోమా వెనీరియమ్ అనే మూడింటికీ మూలం క్లమీడియా ట్రకోమాటిస్ అనే ఒకే జాతి. ఇదే కుటుంబంలోని క్లమీడియా న్యుమోనియే గొంతుకూ ఊపిరితిత్తులకూ పడుతుంది. క్లమీడియా సిట్టసి పక్షుల నుంచి అంటుకుని జ్వరం, న్యుమోనియా కలిగిస్తుంది.

వీటిలో లైంగికంగా సోకేదాని విస్తృతి చాలా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో 15–49 ఏళ్ల వారిలో 12.85 కోట్ల కొత్త కేసులు వచ్చాయి. ఆ వయసు స్త్రీలలో 4 శాతం మందిలో, పురుషులలో 2.5 శాతం మందిలో ఈ సూక్ష్మజీవి ఉన్నట్టు అదే సంస్థ లెక్క. సవాయి (సిఫిలిస్) పుండుగా బయటపడుతుంది, సెగ (గనేరియా) చీముగా కారుతుంది. క్లమీడియా సోకిన స్త్రీలలో అత్యధికులకు, పురుషులలో దాదాపు సగం మందికి ఏ బాధా తెలియదు. మందు చవకైనది, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, వారం రోజుల్లో పని పూర్తి చేస్తుంది. ఆ మందు ఎవరికి ఇవ్వాలో తెలుసుకోవడంలోనే చిక్కంతా ఉంది. అందుకే ఇక్కడ చికిత్స కంటే నిర్ధారణకు ఎక్కువ చోటు దక్కింది.

సూక్ష్మజీవి

క్లమీడియా మిగతా బాక్టీరియాలా పోషకాలు కలిపిన గాజు పళ్లెంలో పెరగదు. బతికున్న కణం లోపల తప్ప వృద్ధి చెందలేదు. దీని జీవితచక్రంలో రెండు రూపాలున్నాయి. ఒక కణం నుంచి మరో కణానికి వెళ్లేది ఎలిమెంటరీ బాడీ. వ్యాసం 0.3 మైక్రాన్లు, పైపొర గట్టిది, దానికదిగా పెరగదు. అది కణాన్ని అంటిపెట్టుకుని లోపలికి చేరగానే తన చుట్టూ ఒక పొర సంచిని ఏర్పరచుకుంటుంది. లోనికి వచ్చిన క్రిములను అరిగించే ఏర్పాట్లు ప్రతి కణంలో ఉంటాయి, కానీ అవి ఈ సంచి జోలికి రాలేవు. అక్కడ అది సుమారు ఒక మైక్రాన్ ఉండే రెటిక్యులేట్ బాడీగా మారి చీలుతూ వందలుగా పెరుగుతుంది. 48 నుంచి 72 గంటల్లో మళ్లీ మొదటి రూపానికి వచ్చి, కణాన్ని పగలగొట్టుకునో సంచితో సహా జారుకునో బయటపడి పక్క కణాలను పట్టుకుంటుంది.

మందుల ఎంపిక మొత్తం ఈ చక్రం మీదే ఆధారపడింది. కణం లోపలికి చొరబడగలిగి, రెండు మూడు చక్రాలు ముగిసేదాకా అక్కడ నిలిచే మందు కావాలి. పెన్సిలిన్ తరగతి మందులు బాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుపడతాయి. క్లమీడియాకు అలాంటి గోడ దాదాపు లేదు. చీలే సమయంలో మాత్రం నడుమ ఒక సన్నని వలయంగా ఆ గోడ పదార్థం ఏర్పడుతుందని 2014లో గానీ స్పష్టంగా చూడలేకపోయారు. అందువల్ల పెన్సిలిన్ తగిలితే క్లమీడియా చావకుండా ఉబ్బిపోయి, చీలడం మానేసి, మందు తగ్గాక మళ్లీ లేస్తుంది.

శరీర రక్షణ వ్యవస్థ పన్నే ఎత్తును కూడా ఇది తిప్పికొట్టగలదు. ఇన్‌ఫెక్షన్ తగిలినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ గామా మన కణాల్లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తగ్గించి క్రిమిని ఆకలితో మాడుస్తుంది. జననాంగాలకు సోకే రకాలు ఇండోల్ అనే పదార్థం నుంచి ట్రిప్టోఫాన్‌ను సొంతంగా తయారు చేసుకోగలవు. యోనిలోని సహజ బాక్టీరియా సమతుల్యం చెడినప్పుడు అక్కడ చేరే కొన్ని బాక్టీరియా ఆ ఇండోల్‌ను అందిస్తాయి. కంటికి సోకే రకాలకు ఈ నైపుణ్యం లేదు. ఒకే జాతిలో ఎ, బి, సి రకాలు కంటికీ, డి నుంచి కె వరకు జననాంగాలకూ పరిమితం కావడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. ఎల్1, ఎల్2, ఎల్3 రకాలు పైపొరతో ఆగకుండా లింఫు గ్రంథుల్లోకి చొచ్చుకుపోతాయి.

దీన్ని మొదట చూసింది జావాలో. సిఫిలిస్ పరిశోధన కోసం ఆల్బర్ట్ నైసర్ అక్కడికి తీసుకెళ్లిన బృందంలోని లుడ్విగ్ హాల్బర్‌స్టేటర్, స్టానిస్లాస్ ఫాన్ ప్రోవాజెక్ 1907లో ట్రకోమా రోగుల రెప్పల నుంచి గీరి తీసిన పదార్థాన్ని ఒరాంగుటాన్ల కళ్లకు అంటించి, కణాల్లో కొత్త గుర్తులు కనిపించడం గమనించారు. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే కళ్లకలక వచ్చిన పసికందుల్లో, వారి తల్లుల గర్భాశయ ముఖద్వారంలో, మగవారి మూత్రనాళంలో అవే గుర్తులు దొరికాయి. అంటే కంటి జబ్బుకూ జననాంగాలకూ ఉన్న బంధం 1910 ప్రాంతంలోనే బయటపడింది. క్రిమిని పెంచే దారి తెలియక ఆ ఆధారం అర్ధ శతాబ్దం మూలన పడింది. ఇంత చిన్నది, కణం బయట పెరగనిది వైరస్సే అయి ఉంటుందని అనుకున్నారు.

ఆ దారి చూపింది బీజింగ్‌లో పనిచేసిన చైనా శాస్త్రవేత్త టాంగ్ ఫైఫాన్. కోడిగుడ్డు పిండంలోని సొన సంచిలో ట్రకోమా క్రిమిని పెంచి 1957లో ప్రకటించాడు. ఇదే కారణమని రుజువు చేయడానికి 1958 మొదట్లో దాన్ని తన కంటికే ఎక్కించుకుని, రోగం పూర్తిగా బయటపడేదాకా మందు వేసుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో రాజకీయ వేధింపులు భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడు. 1959లో లండన్‌లో జోన్స్, కోలియర్, స్మిత్ అదే పద్ధతిలో, కళ్లకలక వచ్చిన శిశువు తల్లి గర్భాశయ ముఖద్వారం నుంచి క్రిమిని వేరుచేశారు. 1965లో గోర్డన్, క్వాన్ దాన్ని గుడ్లకు బదులు కణజాల కల్చర్లో పెంచారు. ఇది బాక్టీరియానే అన్న వాదనను జేమ్స్ మౌల్డర్ 1966లో స్థిరపరిచాడు. 1998లో వెలువడిన జన్యు పటం ప్రకారం దీనికి ఉన్నవి 900 లోపు జన్యువులే. వాటితోపాటు సుమారు 7,500 అక్షరాల, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ఒకటి ఉంది, ఒక్కో క్రిమిలో దాని నకళ్లు అనేకం. ఈ ప్లాస్మిడ్ ప్రస్తావన పరీక్షల దగ్గర మళ్లీ వస్తుంది.

జననాంగ వ్యాధి

స్త్రీలలో క్రిమి మొదట చేరేది గర్భాశయ ముఖద్వారానికి. బాధ తెలిసినప్పుడు తెల్లబట్ట పెరగడం, సంపర్కం తరువాత రక్తం కనిపించడం, మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి ఉంటాయి. క్రిమి అక్కడి నుంచి గర్భాశయంలోకీ అండవాహికల్లోకీ పాకితే కటి భాగంలో, అంటే పొత్తికడుపులో, వాపు మొదలవుతుంది. చికిత్స లేని స్త్రీలలో సుమారు 10–15 శాతం మందికి ఇలా జరుగుతుందని అంచనా. మిగిలినవారిలో చాలామందికి దానంతటదే తగ్గుతుంది, ఏడాదిలో దాదాపు సగం మంది నుంచి క్రిమి తొలగిపోతుంది. అయితే మళ్లీ సోకకుండా నిలిచే రక్షణ రాదు. మళ్లీ సోకిన ప్రతిసారీ నాళాలకు ముప్పు పెరుగుతుంది.

అండవాహికలను పాడుచేసేది చాలావరకు క్రిమి మీద శరీరం సాగించే పోరే. వాపు ఆరిన చోట మచ్చ కణజాలం మిగులుతుంది. లోపలి సన్నని నూగు నశిస్తుంది, నాళం ఇరుకవుతుంది లేదా మూసుకుపోతుంది. ఫలదీకరించిన అండం గర్భాశయానికి చేరలేక నాళంలోనే అతుక్కుంటే ట్యూబులో గర్భం అవుతుంది. అది పగిలితే ప్రాణాపాయం. రెండు నాళాలూ మూసుకుపోతే సంతానం కలగదు. కొందరిలో వాపు కాలేయం పైపొరదాకా పోయి, కుడి పక్కటెముకల కింద నొప్పిగా మొదలవుతుంది. పిత్తాశయం జబ్బేమోనని పరీక్షలు చేయిస్తారు. లాపరోస్కోపీ చేస్తే కాలేయానికీ పొట్ట గోడకూ మధ్య సన్నని తీగల్లాంటి అతుకులు కనిపిస్తాయి.

పిల్లలు లేరని వచ్చిన దంపతుల్లో భార్య ట్యూబులు మూసుకుపోయాయని తేలినప్పుడు పాశ్చాత్య దేశాల వైద్యుడు ముందు క్లమీడియాను తలుస్తాడు. మన దేశంలో అలాంటి పరిస్థితికి జననాంగాల క్షయ కూడా ముఖ్య కారణం. పైన చెప్పిన కాలేయపు అతుకులు క్షయలోనూ కనిపిస్తాయి. కాబట్టి లాపరోస్కోపీలో కనిపించినదాన్ని బట్టే కారణం తేల్చలేం. ఇక్కడ జరిగే అన్యాయం మరొకటుంది. పదేళ్ల కిందట ఎవరి నుంచి ఎవరికి సోకిందో తెలియని, ఎవరికీ నొప్పి తెలియని జబ్బుకు ఫలితం కనిపించేది భార్య ఒంట్లోనే. ఆసుపత్రుల చుట్టూ తిరిగేది కూడా ఆమే.

పురుషులలో మూత్రనాళపు వాపు, పొద్దున లేవగానే కొద్దిగా జిగట స్రావం, మూత్రంలో మంట ఉంటాయి. సెగలోలా చిక్కటి పసుపుపచ్చ చీము అరుదు. వృషణం వెనుక ఉండే ఎపిడిడిమిస్‌కు పాకితే ఒకవైపు వాపూ నొప్పీ వస్తాయి. యువకుల్లో అలాంటి వాపుకు క్లమీడియా ముఖ్య కారణాల్లో ఒకటి. హెచ్.ఎల్.ఏ.–బి27 జన్యువున్న కొందరికి ఇన్‌ఫెక్షన్ తరువాత కొన్ని వారాలకు మోకాళ్లు, చీలమండలు వాచి కళ్లు ఎర్రబడతాయి. కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన ఆ రోగిని మూత్రం సంగతి ఎవరూ అడగకపోతే మూలం తెలియకుండానే పోతుంది. మలద్వారానికి, గొంతుకు సోకినా సాధారణంగా బాధ ఉండదు.

లింఫోగ్రాన్యులోమాలో మొదట చిన్న పొక్కు వచ్చి, గుర్తించేలోపే మానిపోతుంది. కొన్ని వారాల తరువాత గజ్జలో బిళ్ళ కట్టి, నొప్పెట్టి, చీము పట్టి పగులుతుంది. గజ్జ మడతకు పైనా కిందా గ్రంథులు ఉబ్బి, నడుమ గాడి పడినట్టు కనిపించడం పాఠ్యపుస్తకాల గుర్తు. ఉష్ణదేశాల జబ్బుగా పేరున్న ఇది 2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో స్వలింగ సంపర్కులైన పురుషుల్లో మలద్వారపు వ్యాధిగా బయటపడి యూరప్ అంతటా కనిపించింది. రక్తం, జిగురు విరేచనాలతో వచ్చిన వారికి క్రోన్స్ వ్యాధి అని పొరబడి స్టెరాయిడ్లు ఇచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

గర్భిణికి ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకుతుంది. 5 నుంచి 14 రోజుల మధ్య కళ్లు వాచి ఊసులు కడతాయి. గనేరియా వల్ల వచ్చే కళ్లకలక అంతకంటే ముందే, మొదటి కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు నెలల వయసులో కొందరు పిల్లలకు జ్వరం లేకుండా తెరలు తెరలుగా దగ్గుతో న్యుమోనియా వస్తుంది. పుట్టగానే వేసే కంటి చుక్కలు క్లమీడియాను నమ్మకంగా ఆపలేవు. ఇలాంటి శిశువుకు చుక్కలతో సరిపెట్టకుండా నోటి ద్వారా మందు ఇవ్వాలి. తల్లిదండ్రులిద్దరికీ చికిత్స చేయాలి.

నిర్ధారణ

ఈనాడు ప్రామాణిక పరీక్ష క్రిమి జన్యు పదార్థాన్ని రెట్టింపులు చేసి పట్టుకునే న్యూక్లిక్ యాసిడ్ పరీక్ష. పి.సి.ఆర్. దీనిలో ఒక రకం. బతికున్న క్రిమి అక్కరలేదు, కొద్ది నకళ్లున్నా చాలు. స్త్రీలకు యోని నుంచి స్వాబ్‌తో తీసిన నమూనా మేలైనది. దాన్ని స్త్రీ తనంతట తాను తీసి ఇచ్చినా డాక్టరు తీసినదానితో సమానంగా పనిచేస్తుంది. సిగ్గు, భయం వల్ల పరీక్ష గదిదాకా రాని వారికి ఇది పెద్ద వెసులుబాటు, మన దగ్గర ఇంకా వాడుకోని వెసులుబాటు. పురుషులకు మూత్రం సరిపోతుంది, అయితే ధార మొదట్లో వచ్చే 10–20 మిల్లీలీటర్లే కావాలి. మామూలు మూత్ర కల్చర్‌కు మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమంటారు. ఆ అలవాటుతో ఇక్కడా మధ్య ధారే పట్టిస్తే క్రిమి ఉన్నా పరీక్షలో లేదని వస్తుంది. అంతకు ముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండాలి.

మూత్రపరీక్షలో చీము కణాలు నిండుగా ఉండి, కల్చర్లో మాత్రం ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తే అది శుభవార్తేమీ కాదు. మామూలు కల్చర్లో పెరగని క్రిములను వెతకమని అర్థం. మన దేశంలో అలాంటప్పుడు ముందు గుర్తు రావలసినవి క్షయ, క్లమీడియా.

రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షల వల్ల మేలు కంటే తికమకే ఎక్కువ. గర్భస్రావాలకో సంతానలేమికో వచ్చిన స్త్రీకి క్లమీడియా ఐజీజీ, ఐజీఎమ్ రాయడం, పాజిటివ్ రాగానే భార్యాభర్తల మధ్య అనుమానాలు రేగడం మామూలైంది. ఐజీజీ ఎప్పుడో సోకినదానికి మిగిలిన గుర్తు కావచ్చు. అనేక కిట్లలో అది దగ్గు తెప్పించే క్లమీడియా న్యుమోనియేకు వచ్చిన యాంటీబాడీ కూడా కావచ్చు. పైపొరకు పరిమితమైన ఇన్‌ఫెక్షన్‌లో యాంటీబాడీలు అసలు పెరగకపోవచ్చు. ఇప్పుడున్న జననాంగ వ్యాధిని తేల్చడానికి రక్తపరీక్ష పనికిరాదు. లింఫోగ్రాన్యులోమాలో, శిశువు న్యుమోనియాలో మాత్రం దానికి కొంత విలువుంది. కణజాల కల్చర్ నేడు పరిశోధనకూ న్యాయస్థానాల అవసరాలకూ పరిమితమైంది. పాత యాంటిజెన్ కార్డు పరీక్షలు నిమిషాల్లో ఫలితం ఇస్తాయి గానీ ఉన్న కేసుల్లో చాలావాటిని వదిలేస్తాయి.

న్యూక్లిక్ యాసిడ్ పరీక్షకూ కన్నుగప్పిన సందర్భం స్వీడన్‌లో జరిగింది. 2006లో హాలాండ్ కౌంటీలో క్లమీడియా కేసులు అనుకోకుండా తగ్గాయి. కారణం వెతికితే, అక్కడ వాడే పరీక్షలు గురిపెట్టిన ప్లాస్మిడ్ భాగంలోనే 377 అక్షరాలు లేని కొత్త రకం వ్యాపిస్తోందని తెలిసింది. ఆ పరీక్షలు వాడిన జిల్లాల్లో అది పట్టుబడకుండా విస్తరించింది, వేరే పరీక్ష వాడిన చోట్ల అంతగా లేదు. ఆ తరువాత తయారీదార్లు ఒకే పరీక్షలో రెండు చోట్ల గురిపెట్టడం మొదలుపెట్టారు. 2019లో ఫిన్లండ్‌లో మరో రకం ఇలాగే ఇంకో పరీక్షను తప్పించుకుంది. కేసులు తగ్గాయన్న లెక్క చూడగానే సంబరపడకూడదని ఆరోగ్య శాఖలకు ఈ రెండు ఉదంతాలూ నేర్పాయి.

పరీక్ష అందుబాటులో లేనిచోట లక్షణాన్ని బట్టి చికిత్స చేసే పద్ధతిని భారతదేశం ఏళ్లుగా పాటిస్తోంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు పెట్టి రంగురంగుల మందుల కిట్లు ఇచ్చింది. స్రావం కారే పురుషుడికీ, గర్భాశయ ముఖద్వారం వాచిన స్త్రీకీ బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. యోని వాపుకు ఆకుపచ్చ, పొత్తికడుపు వాపుకు పసుపు, గజ్జల్లో బిళ్ళలకు నలుపు. మగవారి విషయంలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కారుతున్నది కళ్లకు కనిపిస్తుంది, సెగకూ క్లమీడియాకూ కలిపి ఒకేసారి మందు పడుతుంది.

స్త్రీల విషయంలోనే ఇది తేలిపోతుంది. తెల్లబట్ట అవుతోందని వచ్చేవారిలో ఎక్కువమందికి ఉండేది సహజ బాక్టీరియా సమతుల్యం చెడడమో, కాండిడా అనే శిలీంధ్రమో, అసలు ఏ జబ్బూ లేని మామూలు స్రావమో. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన సర్వేలో ఈ ఫిర్యాదుకు ఇన్‌ఫెక్షన్ల కంటే మానసిక, సామాజిక ఒత్తిళ్లతో గట్టి సంబంధం కనిపించింది. నీరసం, నడుము నొప్పి, తెల్లబట్ట కలిపి చెప్పే స్త్రీ మన ఊళ్లలో ప్రతి డాక్టరుకూ తెలుసు. ఆమెకు అక్కరలేని యాంటీబయాటిక్‌లు పదేపదే పడతాయి. క్లమీడియా ఉన్న స్త్రీ తనకే బాధా లేదు కాబట్టి డాక్టరు దగ్గరికే రాదు. లక్షణాన్ని బట్టి నడిచే పద్ధతి ఈ రెండో ఆమెను ఎన్నడూ కనిపెట్టలేదు. పరీక్ష ఫలితం అదే రోజు అందే చోట పరీక్షించాకే మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో సూచించింది. క్షయ కఫం పరీక్షకు జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్ పేరుతో ఉన్న యంత్రంలోనే క్లమీడియా, గనేరియాలను కలిపి చూసే కార్ట్రిడ్జ్ కూడా నడుస్తుంది, గంటన్నరలో ఫలితం వస్తుంది. యంత్రం ఇప్పటికే ఉంది. కార్ట్రిడ్జ్‌కు డబ్బు పెట్టాలా వద్దా అన్నదే మిగిలిన ప్రశ్న.

చికిత్స

మొదటి ఎంపిక డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. ఒకే మోతాదుగా వేసుకునే అజిత్రోమైసిన్ ఒక గ్రాము చాలాకాలం దీనికి సమానమని చెలామణి అయింది. అమెరికాలో నిర్బంధ కేంద్రాల్లోని యువతపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో డాక్సీసైక్లిన్ తీసుకున్న 155 మందిలో ఒక్కరికీ విఫలం కాలేదు, అజిత్రోమైసిన్ తీసుకున్న 155 మందిలో ఐదుగురికి విఫలమైంది. మలద్వారపు ఇన్‌ఫెక్షన్లో తేడా ఇంకా పెద్దది. 2021లో వెలువడిన అధ్యయనాల్లో అజిత్రోమైసిన్‌తో సుమారు నాలుగింట మూడువంతుల మందికే నయమైంది, డాక్సీసైక్లిన్‌తో దాదాపు అందరికీ నయమైంది. స్త్రీలలో మలద్వారానికి తెలియకుండా సోకడం సాధారణం కాబట్టి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ ఏడాది డాక్సీసైక్లిన్‌నే ముందుకు తెచ్చింది. వారం రోజులు మాత్రలు వేసుకోరని అనుమానం ఉన్నప్పుడు ఎదురుగా మింగించే ఒక్క మోతాదుకు ఇప్పటికీ చోటుంది.

డాక్సీసైక్లిన్ మాత్రను గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో, యాంటాసిడ్లతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. ఎండకు చర్మం కమలవచ్చు. గర్భిణులకు ఇది ఇవ్వరు. వారికి అజిత్రోమైసిన్ ఒక గ్రాము, అది పడకపోతే అమోక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు 7 రోజులు. పెన్సిలిన్ జాతి మందు ఇక్కడ పనిచేయడం వింతే. నిద్రపోయి లేచే స్వభావం ఉన్న క్రిమి కాబట్టి గర్భిణికి నాలుగు వారాల తరువాత తప్పక మళ్లీ పరీక్ష చేస్తారు. లింఫోగ్రాన్యులోమాకు డాక్సీసైక్లిన్ 21 రోజులు. బిళ్ళలో చీము ఉంటే సూదితో లాగుతారు, కోయరు. పొత్తికడుపు వాపుకు గనేరియాకూ గాలి అక్కరలేని బాక్టీరియాకూ మందులు కలిపి 14 రోజులు ఇస్తారు.

మన దగ్గర జరిగే పొరపాట్లు రెండు చెప్పుకోవాలి. మూత్రంలో మంట అనగానే మెడికల్ షాపులో ఇచ్చే నార్‌ఫ్లాక్సాసిన్ క్లమీడియాపై సరిగా పనిచేయదు. స్రావం కారుతోందని ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ సెగను తగ్గిస్తుంది, దాని వెంట వచ్చిన క్లమీడియాను తాకదు. చీము ఆగుతుంది, రోగి నయమైందనుకుంటాడు, సన్నని మంట మిగిలిపోతుంది. మందును తట్టుకునే క్లమీడియా ట్రకోమాటిస్ మనుషుల్లో స్థిరంగా వ్యాపించిన దాఖలా లేదు. పందులకు సోకే క్లమీడియా సూయిస్‌లో మాత్రం టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు ఉంది. కాబట్టి సరైన మందు వాడాక కూడా తగ్గలేదంటే సాధారణ కారణం భాగస్వామి నుంచి మళ్లీ సోకడమే.

గడచిన 60 రోజుల్లో సంపర్కం ఉన్నవారందరికీ చికిత్స జరగాలి. ఇద్దరి కోర్సూ ముగిసేదాకా, ఒకే మోతాదైతే ఏడు రోజులు, దూరంగా ఉండాలి. భార్యకు మందు రాసి భర్తను చూడకుండా పంపడం సగం వైద్యం. భర్తకు బాధ లేదు, తనకెందుకు మాత్రలని అడుగుతాడు. అతనికి చెప్పే ఓపిక ఓపీ గదిలో దొరకదు. పని పూర్తయిందో లేదో చూడాలని వెంటనే పరీక్ష చేయిస్తే చచ్చిన క్రిముల జన్యు పదార్థం వల్ల పాజిటివ్ రావచ్చు, కనీసం మూడు నాలుగు వారాలు ఆగాలి. అందరూ మూడు నెలల తరువాత మరోసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక సుఖవ్యాధి ఉన్నవారికి హెచ్.ఐ.వి., సిఫిలిస్, గనేరియా పరీక్షలు కూడా చేయాలి.

ట్రకోమా, శ్వాస వ్యాధులు

సుశ్రుతుడు రెప్పల జబ్బుల్లో వర్ణించిన పోథకి ట్రకోమానేనని చాలామంది భావిస్తారు. ఎర్ర ఆవాల్లాంటి పొక్కులని ఆయన చెప్పిన గుర్తు నేటి వైద్యుడు రెప్ప తిరగేసి చూసే పొక్కులతో సరిపోతుంది. ఈగల ద్వారా, మురికి చేతుల ద్వారా, తల్లి కొంగు ద్వారా పిల్లల మధ్య తిరిగే ఈ జబ్బు పదేపదే సోకి రెప్ప లోపల మచ్చ కడుతుంది. రెప్ప లోపలికి ముడుచుకుని, వెంట్రుకలు నల్లగుడ్డును గీరి, ముదిరిన వయసులో చూపు పోతుంది. ఇక్కడ నిర్ధారణ ల్యాబులో కాదు, భూతద్దంతో రెప్ప మీదే జరుగుతుంది. ముడిరెప్పకు శస్త్రచికిత్స, ఊరంతటికీ ఏడాదికోసారి అజిత్రోమైసిన్, ముఖం కడగడం, నీళ్లు, మరుగుదొడ్లు కలిపిన విధానం ప్రపంచమంతటా నడుస్తోంది. పంజాబ్, రాజస్థాన్, హర్యానా, గుజరాత్‌లలోని పొడి ప్రాంతాలను పీడించినంతగా ఇది దక్షిణాదిని పీడించలేదు. 1963లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 2014–17 సర్వేలో పిల్లల్లో క్రియాశీల ట్రకోమా 0.7 శాతానికి పడింది. 2024 అక్టోబరులో భారత్‌లో ఇది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆగ్నేయాసియా విభాగంలో నేపాల్, మయన్మార్ తరువాత మూడో దేశం మనది.

క్లమీడియా సిట్టసి తెచ్చే చిలకల జ్వరం 1929–30లో దక్షిణ అమెరికా నుంచి ఎగుమతైన చిలకలతో అనేక దేశాలకు పాకి కలకలం రేపింది. నేడు అరుదు, డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. పావురాల దగ్గర ఉండేవారికి వచ్చే ఆయాసం చాలాసార్లు ఇది కాదు, రెట్టల ధూళికి వచ్చే అలర్జీ. క్లమీడియా న్యుమోనియే గుండెపోటుకు కారణమని 1988లో ఫిన్లండ్ నుంచి వచ్చిన ఊహ కొన్నేళ్లు ఆశలు రేపింది. వేలమందికి యాంటీబయాటిక్‌లు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనాలు 2005 నాటికి లాభం లేదని తేల్చాయి.

నివారణ ప్రయత్నాలు

లక్షణాలు లేని జబ్బును అందరినీ పరీక్షించి పట్టుకోవాలన్నది తేలిగ్గా తోచే ఆలోచన. అమెరికాలో లైంగిక సంపర్కం ఉన్న 25 ఏళ్లలోపు స్త్రీలకు ఏటా పరీక్ష సూచిస్తారు. సియాటిల్‌లో జరిపి 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా పరీక్షించిన స్త్రీలలో పొత్తికడుపు వాపు సగానికి పైగా తగ్గింది. అయితే ఆస్ట్రేలియాలో డాక్టర్ల క్లినిక్‌లలో విస్తృతంగా పరీక్షలు పెంచి చూసిన అధ్యయనంలో (2018) జనంలో వ్యాధి మొత్తం తగ్గలేదు. ఇంగ్లండ్ 2021లో తన కార్యక్రమాన్ని మార్చి, వ్యాప్తిని ఆపడం కంటే స్త్రీలకు జరిగే హానిని తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకుంది. మనలాంటి దేశం అందరినీ పరీక్షించడం కంటే గర్భిణులకు, సంతానలేమికి వచ్చిన దంపతులకు, సురక్ష క్లినిక్‌కు వచ్చినవారికి సరైన పరీక్ష అందించడంతో మొదలుపెట్టడం సబబు. కండోమ్ వాడకం సోకే అవకాశాన్ని బాగా తగ్గిస్తుంది. సంపర్కం తరువాత 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వేసుకునే పద్ధతి స్వలింగ సంపర్కులైన పురుషుల్లో, ట్రాన్స్‌జెండర్ స్త్రీలలో క్లమీడియాను బాగా తగ్గించింది. మిగతా బాక్టీరియా మందులకు లొంగకుండా పోతాయేమోనన్న చర్చ దాని మీద నడుస్తోంది.

టీకా ప్రయత్నం పాతదే. 1960లలో మన దేశంతో సహా అనేక చోట్ల పరీక్షించిన ట్రకోమా టీకాల రక్షణ కొద్దికాలమే నిలిచింది, కొన్ని సందర్భాల్లో తరువాత సోకిన జబ్బు తీవ్రంగా వచ్చింది. ఆ భయంతో పని చాలాకాలం ఆగింది. ఆస్ట్రేలియాలో క్లమీడియాతో గుడ్డివై, గొడ్డువై నశిస్తున్న కోలాలకు మాత్రం 2025లో టీకా ఆమోదం పొందింది. యాంటీబయాటిక్ ఇస్తే యూకలిప్టస్ ఆకును అరిగించే కడుపులోని బాక్టీరియా పోయి కోలా ఆకలితో చచ్చే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ టీకా అవసరం ఎక్కువైంది. మనుషులకు డెన్మార్క్‌లోని స్టేటెన్స్ సీరం ఇన్‌స్టిట్యూట్, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ కలిసి సీటీహెచ్522 అనే టీకాను 35 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలపై పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించాయి. టీకా పొందిన 30 మందిలోనూ యాంటీబాడీలు వచ్చాయి, పెద్ద హాని కనిపించలేదు. అసలు ఇన్‌ఫెక్షన్‌ను అది ఆపుతుందా అన్నది చూడటానికి ఆ అధ్యయనం ఉద్దేశించినది కాదు.